ఎండను దాచుకుంటే ఉప్పునీరే మంచినీరు
గాజు పెట్టె, నల్లరాళ్లు, మైనం - పల్లెలకు ఎంతవరకు ఉపయోగం?

చినగంజాం, కనపర్తి ప్రాంతాల ఉప్పు కొఠార్లలో పనిచేసే వారికి ఒక సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. మడిలోకి పెట్టిన నీరు ఎండకు ఆవిరై పోతుంది, ఉప్పు అడుగున మిగులుతుంది. కొఠారు రైతుకు కావలసింది ఉప్పు. ఆకాశంలోకి పోయిన నీటిని గురించి అక్కడ ఎవరూ పట్టించుకోరు. కాని ఆ పోయిన నీరే మంచినీరు. అందులో ఉప్పు లేదు, ఫ్లోరైడు లేదు. ఆ ఆవిరిని గాజు మూత కింద పట్టి, చల్లార్చి, బిందెలోకి దించుకోగలిగితే అదే ఎండ తాగునీటిని కూడా ఇస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. సుమారు నూటయాభై ఏళ్లుగా లోకంలో అక్కడక్కడ ఆచరణలో ఉన్నదే. అయితే దీనికి ఒక పెద్ద లోపం ఉంది. వచ్చే నీరు తక్కువ. పొద్దు వాలితే అది కూడా తగ్గిపోతుంది. పగటి వేడిని కొంత దాచి, రాత్రి పూట కూడా నీరు వచ్చేటట్లు చేయడానికి శాస్త్రజ్ఞులు నల్లరాళ్లు, ఇసుక, ఇటుక ముక్కలు, మైనం వంటి వాటిని ఈ పెట్టెల్లో వాడి చూస్తున్నారు. ఇందులో పల్లె ప్రజలకు పనికివచ్చేది ఎంత, పనికిరానిది ఎంత అన్నది తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే పెట్టెకు ఖర్చు పెట్టేది మనమే, ఆ నీరు తాగేదీ మనమే.

రెండు రకాల చెడ్డ నీరు

మన ప్రాంతంలో నీటి బాధ రెండు విధాలు. తూర్పున సముద్రతీరం వెంట బావుల్లో ఉప్పునీరు పడుతుంది. పడమట కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలలో నీరు నోటికి బాగానే ఉన్నా అందులో ఫ్లోరైడు ఉంటుంది. మన దేశంలో ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు మొదటిసారి గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970 వరకు ఆ జిల్లాలోనివే. పళ్లపై గారలు, వంగిపోయిన నడుములు, బిగుసుకుపోయిన కీళ్లు ఆ పల్లెలకు తరతరాలుగా తెలిసిన బాధలు.

లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే గతి లేనప్పుడు కూడా ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని మన దేశంలో ప్రమాణం. కరిగిన లవణాలన్నీ కలిపి 500 మిల్లీగ్రాములు, వేరే గతి లేకపోతే 2,000 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35,000 మిల్లీగ్రాముల ఉప్పు ఉంటుంది.

నీటిని కాచినందువల్ల క్రిములు చస్తాయి గాని ఉప్పు పోదు, ఫ్లోరైడు పోదు. పైగా నీరు ఇగిరిన కొద్దీ అవి చిక్కబడతాయి. గుడ్డతో వడపోసినా పోవు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును పేరబెట్టి తీసే 'నల్లగొండ పద్ధతి' ఫ్లోరైడును తగ్గిస్తుంది గాని ఉప్పును తీయలేదు. నీటిని ఆవిరి చేసి తిరిగి చల్లార్చే పద్ధతి ఈ రెండింటినీ ఒకేసారి వదిలిస్తుంది. ఈ పద్ధతి గొప్పతనం అక్కడ ఉంది.

పెట్టె ఎలా పనిచేస్తుంది?

లోతు తక్కువైన ఒక తొట్టి. దాని అడుగు నల్లగా ఉంటుంది. అందులో రెండు మూడు సెంటీమీటర్ల లోతున ఉప్పునీరు పోస్తారు. పైన ఏటవాలుగా ఒక గాజు పలక, గాలి చొరకుండా బిగించి ఉంటుంది. ఎండ గాజులోంచి లోపలికి వెళ్లి నల్లని అడుగును వేడి చేస్తుంది. ఆ వేడికి నీరు ఆవిరై పైకి లేస్తుంది. గాజు బయటి గాలికి చల్లగా ఉంటుంది కాబట్టి ఆవిరి దాని లోపలి వైపు చెమటలాగా పడుతుంది. అన్నం గిన్నె మీద మూత తీసినప్పుడు నీటిబొట్లు కారడం గృహిణులకు తెలిసిన విషయమే. అదే ఇక్కడా జరుగుతుంది. ఆ బొట్లు ఏటవాలు గాజు వెంట జారి కింది అంచున అమర్చిన గాడిలో పడతాయి. గాడి నుంచి గొట్టం ద్వారా బిందెలోకి వస్తాయి.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో లాస్ సలీనాస్ అనే చోట చార్లెస్ విల్సన్ అనే ఇంజనీరు 1872లో ఇటువంటి తొట్లను పెద్ద ఎత్తున కట్టించాడు. గనుల అవసరాల కోసం కట్టిన ఆ కేంద్రం విస్తీర్ణం సుమారు నాలుగున్నర వేల చదరపు మీటర్లు. రోజుకు 22 వేల లీటర్లకు పైగా మంచినీరు ఇచ్చేది. సుమారు 40 ఏళ్లు అది పనిచేసింది. చెక్క తొట్లు, గాజు పలకలతోనే దానిని కట్టారు.

మన దేశంలో గుజరాత్ రాష్ట్రం భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఈ రంగంలో ముందుగా కృషి చేసింది. ఆ సంస్థ 1978లో భావనగర్ సమీపంలోని అవానియా గ్రామంలో సుమారు 1,870 చదరపు మీటర్ల విస్తీర్ణంలో రోజుకు 5,000 లీటర్ల మంచినీరు ఇచ్చే కేంద్రాన్ని నెలకొల్పింది. అంటే చదరపు మీటరుకు సుమారు రెండు లీటర్ల ముప్పాతిక నీరు.

లెక్క ఎక్కడ తెగుతుంది?

చదరపు మీటరుకు రెండు, మూడు లీటర్లేనా అని ఎవరైనా నిరాశ పడవచ్చు. దానికి కారణం తెలుసుకుంటే వేడిని నిల్వ చేయడం ఎందుకో అర్థమవుతుంది.

కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలో క్యాలరీ చాలు. అదే కిలో నీటిని 60 డిగ్రీల వద్ద ఆవిరిగా మార్చడానికి సుమారు 560 కిలో క్యాలరీలు కావాలి. నీరు ఆవిరి కావడమంటే అంత ఖరీదైన పని. మన ప్రాంతంలో మంచి ఎండ ఉన్న రోజున ఒక చదరపు మీటరు నేల మీద సుమారు 4,500 కిలో క్యాలరీల వేడి పడుతుంది. ఆ వేడి అంతా నీటినే ఆవిరి చేస్తే 8 లీటర్లు రావాలి. కాని అంతా పనికిరాదు. కొంత గాజు మీద పడి తిరిగి పోతుంది. కొంత అడుగు నుంచి, పక్కల నుంచి జారిపోతుంది. వేడెక్కిన గాజు నుంచి కొంత గాలిలో కలుస్తుంది. మిగిలే మూడో వంతుకు అటూ ఇటూగా మాత్రమే నీరుగా మారుతుంది. అందువల్లనే రెండున్నర నుంచి మూడు లీటర్లు.

ఇక్కడే మరో కీలకం ఉంది. ఆవిరి పుట్టడం ఎంత ముఖ్యమో, అది గాజు మీద నీరుగా మారడం అంత ముఖ్యం. నీరు వేడిగా, గాజు చల్లగా ఉన్నప్పుడే ఈ పని జోరుగా సాగుతుంది. మిట్టమధ్యాహ్నం నీటితో బాటు గాజు కూడా కాలిపోతుంటుంది. ఆ వేళ చాలా వేడి వృథాగా పోతుంది. సాయంత్రం అయ్యేసరికి సముద్రపు గాలికి గాజు ఇట్టే చల్లబడుతుంది. సరిగ్గా నీటిబొట్లు బాగా పట్టే ఆ వేళకు తొట్టిలోని నీటి వేడి కూడా దిగిపోతుంది. మధ్యాహ్నం వృథా అయిన వేడిలో కొంత భాగాన్ని పట్టి ఉంచి సాయంత్రానికి అందించగలిగితే అదే నిజమైన లాభం.

గాదె పంట పండించదు. పండిన పంటను పాడు కాకుండా నిలబెడుతుంది. వేడిని నిల్వ చేసే పదార్థాలు కూడా అంతే. అవి కొత్తగా వేడిని పుట్టించవు. వాటిని పెడితే నీరు రెండింతలు, మూడింతలు వస్తుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మరాదు.

నల్లరాళ్లు ఏమి చేస్తాయి?

తేలికగా దొరికేవి రాళ్లు, ఇసుక, ఇటుక ముక్కలు. మన ప్రాంతంలో చీమకుర్తి నల్ల గ్రానైటు పేరు దేశదేశాల్లో వినిపిస్తుంది. పలకలు కోయగా మిగిలిన తునకలు కుప్పలుగా పడి ఉంటాయి. కడప బండ ముక్కలకు కూడా కొరత లేదు. ఇటువంటి నల్లని తునకలను కడిగి తొట్టిలో పరచుకోవచ్చు.

అయితే ఒక విషయం చాలామంది పొరపాటు పడేది ఉంది. కిలోకు కిలో చూస్తే వేడిని దాచుకునే శక్తిలో రాయి నీటికి సాటి రాదు. నీటిలో అయిదో వంతు మాత్రమే. 20 కిలోల రాళ్లు 65 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు చల్లారితే వదిలేది 100 కిలో క్యాలరీలు. అదంతా వినియోగమైనా వచ్చే నీరు గ్లాసుడు కూడా కాదు. అదే 20 లీటర్ల నీరు అంతే చల్లారితే 500 కిలో క్యాలరీలు వదులుతుంది.

అలాగైతే తొట్టినిండా నీరే పోస్తే సరిపోదా అని అడగవచ్చు. లోతు ఎక్కువైతే ఆ నీరంతా వేడెక్కడానికే సగం పూట పడుతుంది. రాత్రి కొంత నీరు వచ్చినా పగటి నీరు బాగా తగ్గుతుంది. లోతు తక్కువగా ఉంటే పగలు త్వరగా వేడెక్కి ఎక్కువ నీరు వస్తుంది, రాత్రికి ఏమీ మిగలదు. రాళ్ల వల్ల ఈ రెంటికీ మధ్య ఒక వాటం కుదురుతుంది. నీరు పలచగా ఉంటుంది. నల్లని రాళ్లు ఎండను బాగా పీల్చుకుంటాయి. నీటిపైకి తేలి కనిపించే తునకల తడి ఒంటి నుంచి కూడా ఆవిరి లేస్తుంది. ఇటుక ముక్కల వంటివి నీటిని పైకి పీల్చుకుని ఈ పనిని ఇంకా బాగా చేస్తాయి. అంటే రాళ్ల మేలు వేడిని దాచడంలో కంటే ఎండను పట్టడంలో, తడి ఉపరితలాన్ని పెంచడంలో ఎక్కువ. తునకలు నీటి మట్టానికి కాస్త పైకి ఉండాలి గాని పూర్తిగా ఎండిపోయేటంత ఎత్తున పేర్చకూడదు.

మైనం చేసే వింత

మైనం సంగతి వేరు. కొవ్వొత్తులు పోసే మైనం 50 నుంచి 60 డిగ్రీల మధ్య కరుగుతుంది. కరిగేటప్పుడు కిలోకు సుమారు 45 నుంచి 50 కిలో క్యాలరీల వేడిని మింగుతుంది. తిరిగి గడ్డకట్టేటప్పుడు ఆ వేడినంతా, దాదాపు ఒకే వేడిమి వద్ద, నెమ్మదిగా వదులుతుంది. మంచుగడ్డ కరిగేదాకా గ్లాసులోని నీరు చల్లగానే ఉన్నట్లు, మైనం గడ్డకట్టేదాకా తొట్టిలోని నీరు వెచ్చగా ఉంటుంది.

10 కిలోల మైనం గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి సుమారు 480 కిలో క్యాలరీలు. అంతా వినియోగమైతే ముప్పాతిక లీటరుకు పైగా నీరు రావాలి. నష్టాలు పోగా అందులో సగం వచ్చినా పొద్దుగూకిన తరువాత దాదాపు అర లీటరు అదనం. రోజుకు మూడు లీటర్లు ఇచ్చే పెట్టెకు అది తక్కువేమీ కాదు.

ఈ రెండు విద్యలనూ, అంటే ఎండతో మంచినీరు చేయడం, కరిగే పదార్థంలో వేడిని దాచడం, ఒకే శాస్త్రజ్ఞురాలు చేపట్టింది. ఆమె హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మరియా టెల్కెస్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సముద్రంలో చిక్కుకున్న సైనికుల కోసం గాలి ఊది ఉబ్బించే ప్లాస్టిక్ స్వేదన సంచిని ఆమె రూపొందించింది. 1948లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని డోవర్‌లో ఒక ఇంటిని కేవలం ఎండ వేడితో చలికాలంలో వెచ్చగా ఉంచే ఏర్పాటు చేసింది. సుమారు 32 డిగ్రీల వద్ద కరిగే గ్లాబర్ ఉప్పును డబ్బాల్లో నింపి గోడల మధ్య అమర్చింది. ఆ ఏర్పాటు రెండు చలికాలాలు బాగానే నడిచి ఆ తరువాత దెబ్బతిన్నది. పదేపదే కరిగి గడ్డకట్టడంతో ఉప్పు అడుగుకు, నీరు పైకి విడిపోవడం అందుకు ఒక కారణం. మైనానికి ఈ జబ్బు లేదు. ఎన్నిసార్లు కరిగినా విడిపోదు, ఇనుమును తినదు. అందువల్లనే ఇప్పుడు సౌర పెట్టెల్లో పరిశోధకులు మైనం వైపు మొగ్గు చూపుతున్నారు.

మైనానికి ఉన్న లోపాలు కూడా చెప్పుకోవాలి. అది వేడిని చాలా మెల్లగా లోపలికి పోనిస్తుంది. ఒకే పెద్ద డబ్బాలో పోస్తే అంచులు కరిగి మధ్య భాగం గడ్డగానే ఉండిపోతుంది. కాబట్టి సన్నని లోహపు గొట్టాల్లోనో పలచని డబ్బాల్లోనో నింపాలి. కరిగితే అది పదిలో ఒక వంతుకు పైగా ఉబ్బుతుంది. అందుకని గొట్టంలో ఆరో వంతు ఖాళీ ఉంచి మూతి బిగించాలి. మైనం మండే పదార్థం. నేరుగా పొయ్యి మీద కరిగించకూడదు. వేడినీటి గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. మబ్బు పట్టిన రోజున మైనం కరగనే కరగదు. ఆ రోజు అది లాభం చేయకపోగా ఉదయపు వేడిని కొంత తానే తినేస్తుంది. 70 డిగ్రీలకు గాని కరగని రకం కొంటే ఎండాకాలంలో కూడా ఉపయోగం ఉండదు.

సొంతంగా కట్టుకునేవారికి

మూడడుగుల వెడల్పు తొట్టికి వెనుక గోడ ముందు గోడ కంటే పది అంగుళాలు ఎత్తు ఉంటే గాజుకు సుమారు 15 డిగ్రీల వాలు వస్తుంది. మన ప్రాంతపు అక్షాంశం కూడా ఇంచుమించు అంతే. గాజు వాలు దక్షిణం వైపు ఉండాలి. వాలు మరీ తక్కువైతే బొట్లు గాడి దాకా రాకుండా మధ్యలోనే తిరిగి తొట్టిలో పడతాయి.

తొట్టి అడుగున కడప బండ పరిస్తే నల్లరంగు పూయనక్కరలేదు. రంగు పూయవలసి వస్తే సీసం కలిసిన రంగు వాడరాదు. తొట్టి కింద రెండు మూడు అంగుళాల మందాన పొడి వరి ఊక గాని, కొబ్బరి పీచు గాని నింపితే వేడి నేలలోకి పోదు. అది తడవకుండా చూసుకోవాలి. తడిసిన ఊక వేడిని ఆపదు.

పై మూతకు ప్లాస్టిక్ కాగితం చవక. కాని దాని మీద నీరు బొట్లుబొట్లుగా నిలబడి ఎండను వెనక్కి కొడుతుంది. ఎండకు ప్లాస్టిక్ చిరిగిపోతుంది కూడా. గాజు మీద నీరు పలచని పొరగా పరుచుకుని జారుతుంది. కిటికీలకు వాడే గాజు చాలు. గాడికి తుప్పు పట్టని లోహం మేలు.

ఈ పెట్టెలు ఎక్కువగా పాడయ్యేది సందుల వల్ల. గాజు అంచున చిన్న సందు ఉన్నా ఆవిరి తప్పించుకుంటుంది. బిగింపు పూర్తయ్యాక లోపల సాంబ్రాణి పొగ పెట్టి మూసి చూస్తే ఎక్కడ పొగ వస్తుందో అక్కడ సందు ఉన్నట్లు. రాళ్లకూ మైనానికీ ఖర్చు పెట్టే ముందు ఈ సందులను పూడ్చుకోవాలి. చిల్లి గాదెలో ధాన్యం పోస్తే ఎలుకలకే లాభం.

మొదటి వారం వచ్చిన నీటిని పారబోయాలి. రంగు, లప్పం వాసన అందులో ఉంటుంది. తొట్టిలో ఉప్పు చిక్కబడి పేరుకోకుండా, వచ్చిన ప్రతి లీటరు మంచినీటికి రెండు లీటర్ల ఉప్పునీరు పోసి ఒక లీటరు పొర్లిపోనివ్వాలి. అలా పొర్లిన నీటిని బావి గట్టున, పశువుల తొట్టి దగ్గర వదలకూడదు. అందులో ఉప్పు గాని ఫ్లోరైడు గాని మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. గాజు మీద దుమ్మును రోజూ తుడవాలి.

ఇలా వచ్చిన నీరు చప్పగా ఉంటుంది. ఉప్పునీటి ప్రాంతాల్లో రుచి కోసం కొద్దిగా బావి నీరు కలుపుకోవచ్చు. లీటరుకు 3,000 మిల్లీగ్రాముల లవణాలున్న బావి నీరు ఒక లీటరుకు 5 లీటర్ల స్వేదన జలం కలిపితే మొత్తం మీద లవణాలు 500 మిల్లీగ్రాములకు దిగుతాయి. అంటే 5 లీటర్లు వచ్చే చోట 6 లీటర్లు దక్కినట్లే. కలిపే బావి నీటిని కాచి చల్లార్చాలి. ఫ్లోరైడు ఉన్న గ్రామాల్లో మాత్రం నీటిని పరీక్ష చేయించకుండా కలపరాదు.

వానాకాలంలో ఎండ తగ్గి పెట్టె మందగిస్తుంది. అయితే ఆ గాజు కప్పే వాననీటిని పట్టడానికి పనికివస్తుంది. 8 చదరపు మీటర్ల కప్పు మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 800 లీటర్ల మంచినీరు. కప్పు కింది అంచున బయట కూడా ఒక గాడి అమర్చి తొట్టిలోకి మళ్లిస్తే చాలు. మైనం పెట్టి ఎన్నో రోజులకు సంపాదించే నీటిని ఒక్క మంచి వాన ఇస్తుంది.

ఎవరికి లాభం? ఎవరికి నష్టం?

అయిదుగురున్న కుటుంబానికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు 20 నుంచి 25 లీటర్లు కావాలి. అంటే సుమారు 8 చదరపు మీటర్లు, 86 చదరపు అడుగుల గాజు కప్పు ఉండాలి. తాగడానికి మాత్రమే అనుకుంటే అందులో సగం చాలు. ఊరంతటికీ ఈ పద్ధతిలో నీరివ్వాలంటే ఎకరాల కొద్దీ గాజు పరచాలి. అది అయ్యే పని కాదు.

పెద్ద ఊళ్లకు పొరల ద్వారా నీటిని ఒత్తి వడపోసే యంత్రాలే మేలు. ఇప్పటి యంత్రాలు 1,000 లీటర్ల సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడానికి మూడు, నాలుగు యూనిట్ల కరెంటు తీసుకుంటాయి. అదే 1,000 లీటర్లను ఆవిరి చేయాలంటే 650 యూనిట్ల వేడి కావాలి. ఎండ ఉచితమే గాని దానిని పట్టే గాజు, సిమెంటు, స్థలం ఉచితం కావు. చెన్నై దగ్గర మీంజూరులో 2010లో ప్రారంభమైన కేంద్రం రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టినది. అటువంటి చోట గాజు పెట్టెలకు స్థానం లేదు.

అయితే ప్రతి చోటా కరెంటు, యంత్రం, దానిని బాగు చేసే మనిషి ఉండరు. ఊరి చివర ఉప్పు మడుల దగ్గర పనివారి గుడిసెలు, రొయ్యల చెరువుల కావలి పాకలు, తీరంలో వేటకు వెళ్లేవారు ఆగే చోట్లు, ఒంటరిగా ఉన్న బడులు - ఇటువంటి చోట్ల రోజుకు పది, పదిహేను లీటర్ల నీరు కూడా విలువైనదే. అక్కడ పక్కనే ఉప్పునీరు ఉంటుంది, ఎండ ఉంటుంది, మంచినీటిని మాత్రం ఎక్కడి నుంచో మోసుకురావాలి. యంత్రాలు లేని పెట్టె కాబట్టి చెడిపోయేది తక్కువ. పొరలు మార్చనక్కరలేదు. గాజు పగిలితే మరో గాజు వేసుకోవాలి.

ఇన్వర్టర్లు, ట్రాక్టర్ల బ్యాటరీలలో పోసే స్వేదన జలాన్ని డబ్బు పెట్టి కొంటున్నారు. ఒకటి రెండు చదరపు మీటర్ల పెట్టె ఉన్న రైతుకు గాని, వర్క్‌షాపుకు గాని ఆ ఖర్చు తప్పుతుంది. బ్యాటరీకి వాడే నీటిలో మాత్రం బావి నీరు ఒక్క చుక్క కూడా కలపకూడదు.

ముందు పరీక్ష, తరువాత ఖర్చు

వేడి నిల్వ వల్ల లాభమెంత అన్నదానిపై జరిగిన ప్రయోగాల ఫలితాలు అన్ని చోట్లా ఒకేలా లేవు. ఎండ, గాలి, నీటి లోతు, పెట్టె బిగింపును బట్టి అవి మారుతుంటాయి. కాబట్టి ఎవరి ఊళ్లో వారు చూసుకోవడమే మంచిది. ఇందుకు పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. ఒకే కొలతలున్న రెండు చిన్న పెట్టెలు పక్కపక్కన పెట్టాలి. రెండింటిలో ఒకే కొలత నీరు పోయాలి. ఒకదానిలో నల్లరాళ్లు వేయాలి, రెండోది ఖాళీగా ఉంచాలి. సాయంత్రం ఆరు గంటలకు ఒకసారి, మరునాడు ఉదయం ఆరు గంటలకు ఒకసారి సీసాల్లోని నీటిని విడివిడిగా కొలిచి రాయాలి. పదిహేను రోజులు రాస్తే పగటి నీరెంత, రాత్రి నీరెంత, రాళ్లు చేసిన మేలెంత అన్నది తేలిపోతుంది. తరువాత రాళ్ల స్థానంలో మైనం గొట్టాలు పెట్టి మళ్లీ రాయాలి. హైస్కూలు విద్యార్థులు సైన్సు మాస్టారి పర్యవేక్షణలో ఈ పని తేలికగా చేయగలరు.

రెండు పెట్టెలకు అయ్యే ఖర్చు తక్కువ. పరీక్ష చూడకుండా ఊరంతా పెట్టెలు కట్టి, ఏడాది తిరగకముందే అవి కోళ్ల గూళ్లుగా మారితే పోయేది డబ్బు మాత్రమే కాదు, మంచి పద్ధతి మీద ప్రజల నమ్మకం కూడా. పంచాయతీలు, తీరప్రాంతపు పాఠశాలలు ముందు ఇటువంటి పరీక్షలు చేసి ఫలితాలను గ్రామసభల్లో చెప్పాలి. గ్రామీణ నీటి సరఫరా అధికారులు ఆ నీటిని ఉచితంగా పరీక్షించి లవణాలు, ఫ్లోరైడు ఎంతున్నాయో కాగితం మీద రాసివ్వాలి. ఉప్పు కొఠార్ల పనివారి నివాసాల దగ్గర, ఫ్లోరైడు పీడిత గ్రామాల్లోని అంగన్‌వాడీల దగ్గర ముందుగా ఒకటి రెండు పెట్టెలు నెలకొల్పి చూపిస్తే మిగతావారు తమంతట తామే ముందుకు వస్తారు. చిన్నపిల్లల పళ్లు, ఎముకలు ఎదిగే వయసులో రోజుకు రెండు లీటర్ల మంచినీరు దొరకడం కూడా చిన్న విషయం కాదు.